కడుపు ప్రశ్నల మేడం

మేడం కూర్చునే స్టూలు మీద ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. చేతిలో కాగితాలు లేవు, పలకంత ఫోను ఉంది. కిడ్నీ ఇచ్చినవాళ్లు ఏడాదికి ఒకసారి వచ్చి రక్తం చూపించుకుని పొమ్మంటారు, అందుకని నెల్లూరు ఆసుపత్రికి పోయాను. మా ఆయనకు కిడ్నీ ఇచ్చినదాన్ని నేను. ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఆయనలో ఉన్నది ఆయనతోనే పోయింది, నాలో మిగిలినది ఎట్లా ఉందో చూపించుకోవడానికి రెండేళ్ల తర్వాత ఇప్పుడే ఒక్కదాన్నే పోయాను.

పాత మేడం ఏదమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి ఫోను మీద నుంచి వేలు తీయకుండానే, ఆమె చనిపోయి నాలుగు నెలలయిందని, గుండెపోటని, మీకేమన్నా కావాలా అని అడిగింది. ఏమీ వద్దన్నాను. రక్తం తీసేచోట వరసలో నిలబడ్డాక గుర్తొచ్చింది, ఆరేళ్లు నెలనెలా చూసిన మనిషి పేరు నాకు తెలియదని. అందరం కడుపు ప్రశ్నల మేడం అనేవాళ్లం. ఆమె కూడా పలికేది.

నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు చదవడం వరకే వచ్చు. నేను చెబుతుంటే రాసేవాళ్లు రాస్తున్నారు. మాట మోటుగా ఉంటే అది నాది, వాళ్లది కాదు.

ఆమె పని ఏమిటో ముందు చెప్పాలి. కిడ్నీ మార్చుకున్నవాళ్లు బతికినన్నాళ్లూ మాత్రలు మింగాలి. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదని తోసెయ్యకుండా కాపాడేది ఆ మాత్రలే. పొద్దున ఆరుకు ఒకసారి, సాయంత్రం ఆరుకు ఒకసారి, గంట తప్పకూడదు. వాటితో కొందరికి కడుపు చెడుతుంది. మంట, ఉబ్బరం, వికారం, నీళ్ల విరేచనాలు. ఎవరికి ఎంత చెడుతోంది, దానివల్ల వాళ్ల రోజులు ఎట్లా గడుస్తున్నాయి అని తెలుసుకోవాలని అక్కడి పెద్ద డాక్టరు ఒక కాగితాల కట్ట తయారు చేయించాడు. అడిగి రాసే పని ఈమెది. నర్సు కాదు, డాక్టరు కాదు. నర్సులు ఆమెను చూసి నవ్వుకునేవాళ్లు. చదువుకుని చదువుకుని ఈ లెక్కలు రాసుకుంటోంది పాపం అని ఒకామె నా ముందరే అంది.

సన్నగా, పొడుగ్గా ఉండేది. నలభై అయిదు దాటి ఉంటాయి. కుర్చీ ఖాళీగా ఉన్నా దానిలో కూర్చునేది కాదు. స్టూలు లాక్కుని, రోగి మోకాళ్లకు తన మోకాళ్లు తగిలేంత దగ్గరగా వచ్చేది. సిగ్గుపడే ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం మన ముఖం చూసేది కాదు. కాగితం వైపు తల దించి, వంకాయల ధర అడిగినట్టు అడిగేది. రోజుకు ఎన్నిసార్లు, నీళ్లలాగానా ముద్దగానా, ఎప్పుడైనా బట్టల్లో పోయిందా. మనం చెప్పినదాన్ని తానే తిరిగి చెప్పేది. ముందు పెన్సిలుతో రాసి, చదివి వినిపించి, మనం ఊ అన్నాక దాని మీద పెన్నుతో దిద్దేది. ఇంత చాకిరీ ఎందుకమ్మా, ఒకేసారి పెన్నుతో రాసేయరాదా అని ఒకసారి మా ఆయనే అన్నాడు. మనిషి మాట మార్చుకునేదానికి సందు ఉండాలి కదన్నా అంది.

బాధ ఎంత ఉందో చెప్పడానికి ఏడు మెట్లు ఉండేవి. ఒకటంటే అసలు లేదు, ఏడంటే తట్టుకోలేను. చదువు లేనివాళ్లం కదా, వేళ్లు చూపించమనేది. ముసలీ ముతకా అందరూ ఆమె ముందు కూర్చుని, చిన్నపిల్లల్లాగా వేళ్లు చూపిస్తుంటే అవతల బెంచీ మీద వాళ్లకు నవ్వొచ్చేది. ఆమె నవ్వేది కాదు. "బాగుంది అనే మాట నా కాగితంలో లేదన్నా. ఉంటే ఎంతుంది, లేకుంటే లేదు. అంతే," అనేది. ఈ మాట నెలకు నలభైసార్లు చెప్పి ఉంటుంది, విసుక్కోవడం నేను చూడలేదు.

కడుపు అయిపోయాక బతుకు ప్రశ్నలు వచ్చేవి. గడిచిన నాలుగు వారాల్లో ఎంతసేపు ఉత్సాహంగా ఉన్నారు, ఎంతసేపు నీరసంగా ఉన్నారు, ఎంతసేపు సంతోషంగా ఉన్నారు. మాది జువ్వలదిన్నె. సముద్రం మీద వేటకు పోయే ఇళ్లు. మా ఇళ్లలో మనిషిని మనిషి ఇట్లాంటివి అడగరు. మా ఆయన మొదటిసారి ఈ ప్రశ్న విని నా వైపు తిరిగి, "ఏందిమే ఇది, సంతోషం గంటల్లో చెప్పాల్నా?" అన్నాడు. ఆమె పెన్సిలు ఎత్తి పట్టుకుని, "నిమిషాల్లో చెప్పినా రాస్తాను," అంది. ఆయన చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు. అంతసేపు ఆలోచించడం గుర్తుంది.

మధ్యాహ్నం ఆమె మెట్ల దగ్గర నిలబడి బొరుగులు తినేది. సంచిలో ఎప్పుడూ ఒక పొట్లం ఉండేది. అన్నం తెచ్చుకోవడం చూడలేదు. ఒకసారి క్యారియర్ గిన్నెలో చేపల పులుసు పట్టుకుపోయి ఇచ్చాను. మెట్ల మీదే నిలబడి, అన్నం లేకుండా, ముల్లు ఒక్కటి వదలకుండా తింది. మామిడికాయ వేశారా అని అడిగింది. మరుసటి నెల గిన్నె తోమి తెచ్చింది, లోపల నాలుగు నిమ్మకాయలు. గిన్నె ఉత్తదిగా తిరిగి ఇవ్వకూడదు కదమ్మా, మాది గూడూరు పక్కన అంది. ఆమె గురించి ఆమె చెప్పింది అంతే. గూడూరు పక్కన.

మొదటి ఏడాది మా ఆయన కడుపు నరకం. రోజుకు ఏడుసార్లు, ఎనిమిదిసార్లు పోయేవాడు. నేను పక్కన కూర్చుని అన్నీ చెప్పేదాన్ని, ఆయన తల వంచుకుని వినేవాడు. ఏడాది దాటాక ఆయన ఇంట్లో ఉండలేకపోయాడు. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పినా, తీరం దగ్గర వేటే కదా అని మళ్లీ ఫైబర్ బోటు ఎక్కాడు. బోటు మీద నలుగురు, ఈయనతో అయిదుగురు. విచిత్రం ఏమిటంటే వేటకు పోవడం మొదలుపెట్టాక ఆయన కడుపు కుదుటపడింది. మేడం ఏది అడిగినా ఒక్క వేలు చూపించేవాడు. మంట, ఒకటి. ఉబ్బరం, ఒకటి. విరేచనాలు, ఒకటి. నేనూ పక్కనుంచి అవునమ్మా, ఇప్పుడు లేదమ్మా అనేదాన్ని. సముద్రం గాలి తగిలితే అన్నీ పోతాయి మేడమ్మా అని ఆయన గొప్పగా చెప్పేవాడు.

కానీ క్రియాటిన్ పెరుగుతూ వచ్చింది. కిడ్నీ ఎట్లా పనిచేస్తోందో రక్తంలో చూసి చెప్పే లెక్క అది, తక్కువుంటే మంచిది. నెలనెలా కొంచెం కొంచెం పెరుగుతోందని, ఇట్లాగే పోతే ఇచ్చిన కిడ్నీ కూడా నిలవదని డాక్టరు అన్నాడు. మాత్రలు సరిగా వేస్తున్నావా అని అడిగితే నాకు కోపం వచ్చింది. నా చేత్తో ఇస్తున్నా సార్, నా కళ్లముందర మింగుతున్నాడు అని చెప్పాను. నిజమే. పొద్దున ఆరుకు ఆయన బయలుదేరేటప్పుడు నేనే మాత్రలు అరచేతిలో పెట్టి, చెంబుతో నీళ్లు ఇచ్చేదాన్ని. ఆ రోజుల్లో ఇంటికి వచ్చి ఒంటరిగా ఉన్నప్పుడు నా పక్కలో కోసిన గుర్తు తడుముకునేదాన్ని. మాకు పిల్లలు లేరు. అది పాడైతే ఇంకోటి ఇవ్వడానికి నా దగ్గర లేదు, ఇచ్చేవాళ్లూ లేరు.

ఎండాకాలం రెండు నెలలు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లు కదలనివ్వరు. ఆయన ఇంటి పట్టునే ఉన్నాడు. కడుపు మళ్లీ చెడింది. నేను మేడంకు చెప్పాను, ఆమె రాసుకుంది. అదేమి మాయో ఆ రెండు నెలలూ క్రియాటిన్ నిలబడింది. నిషేధం అయిపోయి బోట్లు కదిలాయి. కడుపు బాగయింది. క్రియాటిన్ మళ్లీ ఎక్కింది.

ఆ తర్వాతి నెల మేము పోయేసరికి ఆమె స్టూలు మీద లేదు. నేల మీద కూర్చుని, మా ఆయన కాగితాలన్నీ వరసగా పరుచుకుని ఉంది, అప్పడాలు ఎండేసినట్టు. నన్ను దగ్గరికి పిలిచి, ఈ రెండు నెలల్లో ఇంట్లో ఏం జరిగిందమ్మా, ఏమన్నా వేరే తిన్నాడా అని అడిగింది. ఏమీ లేదమ్మా, వేట నిషేధం కదా, ఇంట్లోనే ఉన్నాడు అన్నాను. వేట నిషేధం అంటే ఆమెకు తెలియదు. పొలాల వైపు మనిషి. నేను చెప్పాను. రెండు నెలలు సముద్రంలోకి పోరని, ఆ తర్వాత రోజూ పోతారని. ఆమె కాగితాల వైపు చూసింది, నా వైపు చూసింది. మా ఆయన్ని లోపలికి పిలిచి, నన్ను కాసేపు బయట కూర్చోమంది.

నాకు ఒళ్లు మండింది. నా కిడ్నీ లోపల పెట్టుకున్న మనిషి దగ్గర నుంచి నన్ను బయటికి పొమ్మనడానికి ఈమె ఎవరు అనుకున్నాను. బెంచీ మీద కూర్చుని తలుపు వైపే చూశాను. లోపల ఆమె గొంతు వినిపించలేదు. చాలాసేపటి వరకు ఆయన గొంతూ వినిపించలేదు. తర్వాత ఆయన గొంతే, తెంపు లేకుండా. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంతసేపు మాట్లాడటం నేను వినలేదు.

ఆమె ముందుగా బయటికి వచ్చింది. కూర్చోలేదు. లోపల ఆయన చెప్పింది నేను మీకు చెప్పకూడదమ్మా, డాక్టరుకు చెప్పేదానికి మాత్రం ఆయన ఒప్పుకున్నాడు అంది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికి పొయ్యాక మీరే అడగండి. ఏం చెప్పినా కోప్పడొద్దు," అంది.

నేను కోప్పడ్డాను. ఇంటి దాకా కూడా ఆగలేదు. ఊళ్లో ఆటో దిగి, బోట్లు లాగిపెట్టిన చోట ఆయన్ని నిలబెట్టి అడిగాను. ఆయన ఇసుక వైపు చూస్తూ చెప్పాడు. వేటకు పోయే రోజు పొద్దున మాత్రలు మింగడం లేదు. నేను ఇచ్చినవి నోట్లో వేసుకుని, నాలుక కింద పెట్టుకుని, నీళ్లు తాగి, బోటు దగ్గరికి పోయి ఇసుకలో ఉమ్మేస్తున్నాడు. మింగితే సముద్రం మీద నిలవలేడు. బోటు మీద చాటు ఉండదు. నలుగురి ముందర అంచు పట్టుకుని కూర్చోవాలి. వల లాగే వేళకు పట్టు వదిలి పరుగెత్తాలి. ఒకరోజు వల చేజారింది, ఇంకో రోజు బట్టలు పాడయ్యాయి, వాళ్లు నవ్వారు. ఇంకోసారి అయితే తనను బోటు ఎక్కనివ్వరని భయపడ్డాడు.

నాకు చెప్పరాదా అని అరిచాను. నా ఒళ్లు కోయించుకుని ఇచ్చింది ఇసుకలో ఉమ్మేదానికా అన్నాను. కుక్కలకు వేసి ఉన్నా తిని బతికేవి అన్నాను. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు తలలెత్తి చూశారు. నేను ఆగలేదు. ఆయన అంతా విన్నాక అన్నాడు, "నీది నాలో పెట్టుకోని, నాకు బతుకు బాగాలేదని నీకు ఎట్టా చెప్పేదిమే?"

ఇంటికి నడిచాం, నేను ముందు, ఆయన వెనక.

డాక్టరు ఆ మాత్ర మార్చి వేరే రకం రాశాడు, ఒకేసారి కాకుండా విడివిడిగా వేసుకోమన్నాడు. మింగలేకపోతున్నానని ముందే చెప్పి ఉంటే ముందే మార్చేవాడినయ్యా అని ఆయన్ని కూకలేశాడు. కడుపు పూర్తిగా కుదరలేదు కానీ మనిషి బోటు మీద నిలబడగలిగాడు. క్రియాటిన్ నిలిచింది. పోయిన భాగం మాత్రం తిరిగి రాదన్నారు.

ఇదంతా అయ్యాక కూడా నా మంట చల్లారలేదు. మరుసటి నెల, ఆయన రక్తం ఇవ్వడానికి పోయినప్పుడు, మెట్ల దగ్గర బొరుగులు తింటున్న ఆమెను పట్టుకున్నాను. ఇరవై మూడేళ్లు కాపురం చేసినదాన్ని, కిడ్నీ ఇచ్చినదాన్ని, నాకు చెప్పని మాట నీకెట్లా చెప్పాడు అని నిలదీశాను. మర్యాద కూడా మర్చిపోయాను. ఆమె నోట్లో ఉన్నది నమిలి మింగింది.

"నేను ఆయనకి ఏమీ ఇయ్యలేదు కదమ్మా. అందుకని," అంది.

పొట్లం నా ముందు పెట్టింది. నేను గుప్పెడు తీసుకున్నాను. ఇద్దరం నిలబడి తిన్నాం. ఆ రోజు నుంచి ఆమె పిలవకముందే నేను లేచి బయటికి పోయి కూర్చునేదాన్ని. ఆయన లోపల ఆమెకు ఏం చెప్పేవాడో అడిగేదాన్ని కాదు. బయటికి వచ్చాక కొంత నాకూ చెప్పడం మొదలుపెట్టాడు. మే, నిన్న రెండుసార్లే. మే, ఈ రోజు మంట ఉంది. ఇంకో ఆడదానికైతే అవి వినేదానికి రోత పుట్టించే మాటలు. నాకు అవే ముచ్చట్లు. ఇరవై మూడేళ్ల తర్వాత మేమిద్దరం మాట్లాడుకోవడం నేర్చుకున్నది ఆయన కడుపు గురించే. ఒకరోజు ఒడ్డున కూర్చుని, ఇప్పుడు ఆ మేడం సంతోషం ఎంతసేపు అని అడిగితే నిమిషాల్లో కాదుమే, పూటల్లో చెప్తా అన్నాడు. అట్లా మూడేళ్లు గడిచాయి. అవి ఆమె చలవే అంటాను నేను.

ఆయన పోయింది కిడ్నీతో కాదు. వానాకాలంలో జ్వరం పట్టుకుంది. ఆ మాత్రలు వేసుకునేవాళ్లకు జబ్బును ఆపే శక్తి తక్కువట. ఊపిరితిత్తులకు పాకి ఎనిమిది రోజుల్లో పోయాడు. చివరి రోజు దాకా కిడ్నీ పని చేస్తూనే ఉందని డాక్టరు నాతో చెప్పాడు, ఓదార్పుకు చెప్పినట్టు.

నెల దాటాక ఇంట్లో మిగిలిన మాత్రలు సంచిలో వేసుకుని ఆసుపత్రికి పోయాను, ఇంకెవరికైనా పనికొస్తాయని. విప్పినవి తిరిగి తీసుకోరని కిటికీలో చెప్పారు. ఏం చెయ్యాలో తెలియక ఆమె దగ్గరికి పోయాను. ఆమెకు సంగతి ముందే తెలుసు. మా ఆయన కట్ట బీరువాలోంచి తీసి, చివరి పేజీలో ఏదో రాసి, దారంతో కట్టింది. అంత లావు కట్ట. ఆయన గురించి అంత రాసినవాళ్లు ఈ లోకంలో ఇంకెవరూ లేరు.

కట్ట లోపల పెట్టి వచ్చి, స్టూలు లాక్కుని నా ముందు కూర్చుంది, మోకాళ్లు తగిలేంత దగ్గరగా. "ఇచ్చినవాళ్లని అడిగే కాయితం మా దగ్గర లేదమ్మా. ఎవురూ రాయలేదు," అంది. కాగితం లేకుండానే అడిగింది. అన్నం తింటున్నానా అంది. ఒక్కదానికి వండటం చేతకావడం లేదు, పొద్దున వండింది సాయంత్రానికి, అదే మళ్లీ పొద్దునకు అని చెప్పాను. నిద్ర పడుతోందా అంది. ఆయన ఫోను ఆరుకు మోగుతుంది, మాత్రల వేళకు, పొద్దునా సాయంత్రమూ అన్నాను. ఎట్లా ఆపాలో చూపించనా అంది. వద్దన్నాను. ఇంట్లో అదొక్కటే చప్పుడు.

తర్వాత ఇంకొకటి అడిగింది. ఆ ప్రశ్న తల దించుకుని అడగలేదు, నా ముఖం చూస్తూ అడిగింది. ఇవన్నీ చెప్పుకునేదానికి ఊళ్లో ఎవరైనా ఉన్నారా అని.

లేరన్నాను.

"నాకూ అంతేనమ్మా," అంది.

అప్పుడు నేను ఒక్క మాట అడిగి ఉండాల్సింది. ఎందుకమ్మా, మీవాళ్లు ఎక్కడున్నారు, గూడూరు పక్కన ఏ ఊరు, ఏం తింటావు, ఏమని పిలుస్తారు నిన్ను, ఏదైనా. అడగటం ఎట్లాగో ఆరేళ్లు ఆమెను చూస్తూనే ఉన్నాను. ఆమె స్టూలు కదపకుండా అట్లాగే కూర్చుని ఉంది. నేను సంచి చేతిలోకి తీసుకుని, బస్సు పోతుందమ్మా అని లేచాను. ఆ బస్సు పోతే గంటలో ఇంకోటి ఉంది. ఇంటి దగ్గర నా కోసం చూసేవాళ్లు ఎవరూ లేరు.